అంట్లు చేత్తో తోమడమా, డిష్‌వాషర్‌లో వేయడమా? నీళ్ళ లెక్క తేలడం లేదు

ప్రశ్న: నీళ్ళబిందె

నలుగురున్న ఇల్లు. ఒక పూటకు సింకులో పడే సామాను దాదాపు ఇది: 8 పళ్ళేలు, 10 గ్లాసులూ కప్పులూ, 6 చిన్న గిన్నెలు, 20 దాకా స్పూన్లూ గరిటెలూ, 3 స్టీలు వంటగిన్నెలు, ఒక నాన్‌స్టిక్ పెనం, ఒక అల్యూమినియం కుక్కర్. రోజుకు రెండు పూటలు. ప్రస్తుతం అంతా కుళాయి కిందే తోమడం, అక్కడే కడగడం. పూటకు పావుగంటకు తక్కువ కాకుండా కుళాయి పారుతూనే ఉంటుంది.

డిష్‌వాషర్ అమ్మేవాళ్ళు పది లీటర్లతో అయిపోతుందంటారు. వాడేవాళ్ళలో కొందరేమో ముందు కడిగి పెట్టకపోతే శుభ్రం కావంటారు. ముందే కడిగితే ఇంకా యంత్రం ఎందుకు? నా అనుమానాలు మూడు.

నీళ్ళు, కరెంటు నిజంగా దేనికి తక్కువ? చేత్తో తోమడంలోనే పద్ధతి మారిస్తే సరిపోతుందా?

గ్లాసులు కొన్నాళ్ళకు పాలపొర పట్టినట్టు మసకబారతాయంటారు. అది ఉప్పునీళ్ళ వల్లా, డిటర్జెంటు వల్లా?

ఇంటి మీద ట్యాంకు పెద్ద ఎత్తులో లేదు. ఆ ప్రెషర్‌కు యంత్రం పనిచేస్తుందా?

అంకెలతో చెప్పగలిగితే మేలు.

జవాబు 1: రెండుతొట్లు

ముందు మీ కుళాయిని కొలవండి. లీటరు సీసా పెట్టి, అంట్లు తోమేటప్పుడు ఎంత తిప్పుతారో అంతే తిప్పి, నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. 60ని ఆ సెకన్లతో భాగిస్తే నిమిషానికి ఎన్ని లీటర్లో వస్తుంది. 8 సెకన్లకు నిండితే నిమిషానికి ఏడున్నర. పావుగంట పారితే 112 లీటర్లు. ఇందులో గిన్నెకు తగిలేది కొంతే, తక్కినదంతా మీరు పీచుతో రుద్దుతున్నంతసేపూ ఊరికే పోయే నీళ్ళే.

ఇప్పుడు అదే కుళాయిని రుద్దేటప్పుడు కట్టేసి, కడిగేటప్పుడే తిప్పారనుకోండి. మీరు రాసిన సామాను దాదాపు 50. స్పూన్లన్నీ గుప్పెడుగా పట్టి కడుగుతాం కాబట్టి వాటిని నాలుగైదు విడతలుగా లెక్కేస్తే మొత్తం 35 సార్లు తిప్పాలి. ఒక్కోసారి 4 సెకన్లు అంటే 140 సెకన్లు, పదిహేడున్నర లీటర్లు. మొదట తడపడానికి ఒక నాలుగైదు లీటర్లు కలుపుకోండి. 112 కాస్తా 22 అయింది, యంత్రం కొనకుండానే.

రెండు తొట్ల పద్ధతిలో ఇంకా స్థిరంగా ఉంటుంది. క్రమం ఇలా:

మొదట తడి లేని పని. పళ్ళెంలో మిగిలినది రబ్బరు గరిటెతో చెత్తబుట్టలోకి గీకేయాలి. జిడ్డు పెనాన్ని పాత కాగితంతో తుడిచేయాలి. చెంచాడు నూనె తొట్టిలోకి దిగితే ఆ తొట్టి నీళ్ళు పాడైనట్టే. సింకు గొట్టంలో గడ్డకట్టేది కూడా ఆ నూనే.

తర్వాత నానబెట్టడం. ఇక్కడ చాలామంది తిరగేస్తారు. పిండి, గుడ్డు, పాలు అంటుకున్నవాటికి చల్లనీళ్ళు. వేడినీళ్ళు పోస్తే గుడ్డులో, పాలలో ఉండే మాంసకృత్తులు గట్టిపడి అక్కడే పట్టుకుంటాయి, పిండి జిగురవుతుంది. జిడ్డుకూ చక్కెర పాకానికీ మాత్రమే వేడినీళ్ళు. నానబెట్టడానికి సింకు మూసి అన్నీ కలిపి ముంచకండి, పెనం మీది జిడ్డు వెళ్ళి గ్లాసులకు పడుతుంది. అన్నిటికన్నా పెద్ద వంటగిన్నెలో నీళ్ళు పోసి, స్పూన్లూ చిన్న గిన్నెలూ అందులోనే వేయండి. ఒకే నీళ్ళు రెంటికీ పనికొస్తాయి. పది పదిహేను నిమిషాలు చాలు. కత్తుల్ని మాత్రం అందులో వేయొద్దు, చేయి పెట్టినప్పుడు కనబడవు.

ఇక తొట్లు. మొదటిదాంట్లో 5 లీటర్ల వేడినీళ్ళు, చేయి పెట్టి ఉంచగలిగినంత వేడి, అంటే 42 నుంచి 45 డిగ్రీలు. అందులో ఒక టీస్పూను డిష్‌వాష్ ద్రవం, 5 మి.లీ. రెండోదాంట్లో 5 లీటర్ల మామూలు నీళ్ళు. గ్లాసులు, స్పూన్లు, పళ్ళేలు, చిన్న గిన్నెలు, చివర వంటగిన్నెలు, ఆఖరున పెనం. జిడ్డు తక్కువదాని నుంచి ఎక్కువదానికి పోవాలి. వంటగిన్నెల దగ్గరికి వచ్చేసరికి రెండు తొట్లూ ఒకసారి మార్చండి. మొత్తం 20 లీటర్లు.

నీళ్ళు ఎప్పుడు మార్చాలో నురగే చెబుతుంది. నురగ చచ్చిపోయి నీళ్ళు వేళ్ళకు జారుడుగా తగిలితే, వేసిన ద్రవమంతా జిడ్డుకు ఖర్చయిపోయిందని అర్థం. అప్పుడు ఇంకాస్త ద్రవం పిండుతారు చాలామంది. దానివల్ల రెండో తొట్టికి సబ్బు ఎక్కువగా చేరుతుందే తప్ప జిడ్డు పోదు. నీళ్ళే మార్చాలి.

కడిగిన గ్లాసు అంచును తడివేలితో రుద్ది చూడండి. కీచుమంటే శుభ్రం. వేలు జారితే జిడ్డో సబ్బో ఉన్నట్టు.

తుడవకండి. జాలీలో ఏటవాలుగా, ఒకదానికొకటి తగలకుండా ఆరనివ్వండి. తడిబట్టతో తుడిస్తే బట్టలో ఉన్నదంతా మళ్ళీ పళ్ళేనికి చేరుతుంది. స్పాంజి కూడా అంతే: పిండి, నిలబెట్టి ఆరబెట్టాలి. వాసన వచ్చిన స్పాంజికి వైద్యం లేదు, పారేయడమే.

అడుగంటిన స్టీలు గిన్నెకు: మాడిన భాగం మీద రెండు సెంటీమీటర్లు నిలిచేలా నీళ్ళు, రెండు చెంచాల వంటసోడా, సన్నసెగ మీద పది నిమిషాలు. చల్లారాక చెక్కగరిటెతో గీకితే పెళ్ళలుగా లేస్తుంది. ఇది అల్యూమినియం కుక్కర్‌కు చేయకండి, సోడాకు నల్లబడుతుంది. దానికి నిమ్మరసమో వెనిగరో వేసిన నీళ్ళు మరిగించాలి. పొయ్యి మీంచి దించిన పెనం మీద చల్లనీళ్ళు పోస్తే అడుగు వంగుతుంది, తర్వాత స్టవ్ మీద గిరగిరా తిరుగుతూనే ఉంటుంది.

జవాబు 2: సగంఅంగుళం

రెండో తొట్టి గురించి చిన్న అభ్యంతరం. పది పళ్ళేలు ముంచేసరికి అది కూడా సబ్బునీళ్ళే. గ్లాసులకు బానే ఉంటుంది, పళ్ళేల దగ్గర తేడా తెలుస్తుంది. అందుకని ముంచాక జాలీలో వరసగా నిలబెట్టి, కుళాయికి పెన్సిలంత ధార పెట్టి పై నుంచి ఒక్కసారి నడిపించండి. పై పళ్ళెం నుంచి జారిన నీళ్ళే కింది పళ్ళేన్ని కడుగుతాయి. రెండు మూడు లీటర్లు ఎక్కువవుతుంది, అంతే.

కుళాయి మూతికి ఏరేటర్ ఉందో లేదో కూడా చూసుకోండి. నీళ్ళలో గాలి కలిపే చిన్న జాలీ అది. నిమిషానికి ఏడెనిమిది లీటర్లు పారేది అయిదారుకు దిగుతుంది, కడగడంలో తేడా ఏమీ తెలియదు. ధార పక్కకు చిమ్ముతుంటే అందులో ఇసుక చేరినట్టు. విప్పి, వెనిగర్‌లో గంట నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది బిగించేయండి.

జవాబు 3: జాలీబుట్ట

రెండుతొట్లు గారు చేతిపని గురించి చెప్పినదాంట్లో తప్పు పట్టడానికేమీ లేదు. కానీ ఆ 20 లీటర్లు పద్ధతిగా చేసే మనిషి లెక్క. బాన్ విశ్వవిద్యాలయంలో వేర్వేరు దేశాలవాళ్ళ చేత 12 మంది సామాను తోమించి కొలిస్తే సగటున వంద లీటర్లు దాటింది, మనిషికీ మనిషికీ మధ్య తేడా విపరీతంగా వచ్చింది. 2020లో మిషిగన్ విశ్వవిద్యాలయంవాళ్ళు వేసిన లెక్క రెండువైపులా నిజమే చెబుతుంది: కుళాయి పారించి తోమడం కన్నా యంత్రం వల్ల కాలుష్యం బాగా తక్కువ, కానీ రెండు తొట్ల పద్ధతి యంత్రం కన్నా కూడా ఇంకొంచెం తక్కువ. కాబట్టి పోటీ చేతికీ యంత్రానికీ మధ్య కాదు. కట్టిన కుళాయికీ పారే కుళాయికీ మధ్య.

పది లీటర్ల సంగతి. ఇప్పటి పెద్ద మోడళ్ళు ఎకో (నీళ్ళూ కరెంటూ తక్కువ వాడే) ప్రోగ్రాంలో దాదాపు 9 నుంచి 12 లీటర్లతో 12 నుంచి 14 మంది సామాను కడుగుతాయి. మాయేమీ లేదు. ఒక్కో దశకు మూడు నాలుగు లీటర్లు మాత్రమే లోపలికి తీసుకుని, పంపుతో అవే నీళ్ళను జాలీ గుండా వడకట్టి మళ్ళీ మళ్ళీ చిమ్ముతుంది. తొలి కడుగు, అసలు కడుగు, జాడింపు, ఆఖరి వేడి జాడింపు. మీ ఒక్క పూట సామానుతో అది నిండదు. రెండు పూటలవి కలిపి రాత్రి ఒకసారి వేస్తే నిండుతుంది. సగం బుట్టతో నడిపితే నీళ్ళూ కరెంటూ సగం కావు, కాస్త తగ్గుతాయంతే.

కరెంటు: 10 లీటర్ల నీళ్ళను 25 డిగ్రీల నుంచి 45కు తేవడానికి పావు యూనిట్‌కు కొంచెం తక్కువ పడుతుంది. రెండు తొట్ల పద్ధతిలో మీ ఖర్చు పూటకు అదే. అదే వేడినీళ్ళ కుళాయి పారించి వంద లీటర్లు వాడితే రెండు యూనిట్లు దాటుతుంది. ఎకో ప్రోగ్రాం ఒక నడకకు ఒక యూనిట్‌కు అటూ ఇటూ. చన్నీళ్ళతోనే తోమేవాళ్ళకు కరెంటు విషయంలో యంత్రం ఎప్పటికీ గెలవదు, అది ఒప్పుకోవాలి.

ఎకో మూడు నాలుగు గంటలు తీసుకుంటుందని అందరి ఫిర్యాదు. హెర్బర్ట్ సిన్నర్ అనే జర్మన్ రసాయనవేత్త కడగడాన్ని నాలుగు భాగాలు చేశాడు: రసాయనం, వేడి, రాపిడి, సమయం. ఒకటి తగ్గిస్తే ఇంకోటి పెంచాలి. ఎకోలో వేడి 50 డిగ్రీల దగ్గరే ఆపి సమయం పెంచుతారు. ఎక్కువ కరెంటు పోయేది మోటారుకు కాదు, నీళ్ళు కాచడానికి. అందుకే గంటలు ఎక్కువైనా యూనిట్లు తక్కువ. అరగంట ప్రోగ్రాం తేలికపాటి మురికికే. డిటర్జెంటు టాబ్లెట్ పూర్తిగా కరిగేలోపే అయిపోతుంది కూడా.

ముందే కడగాలా? అక్కర్లేదు, గీకితే చాలు. చాలా యంత్రాల్లో నీళ్ళ మురికిని చూసే సెన్సర్ ఉంటుంది. ఆటో ప్రోగ్రాంలో కడిగిన సామాను పెడితే తొలి నీళ్ళు తేటగా కనబడి, వేడి, సమయం తగ్గించేస్తుంది. ఎక్కడో ఒక గిన్నెకు ఎండిన గుడ్డు ఉంటే అది అలాగే మిగిలిపోతుంది. డిటర్జెంటులో ఎంజైములు ఉంటాయి, ఒక రకం మాంసకృత్తుల్ని, ఇంకో రకం పిండిని కొరుకుతాయి. వాటి పని మీరు చేసిపెట్టనక్కర్లేదు. ముక్కలు, గింజలు, ఎముకలు, కాగితం, టూత్‌పిక్కులు మాత్రం తీసేయాలి. మాడిన గిన్నె యంత్రంలో శుభ్రం కాదు, దానికి పైన చెప్పిన సోడా వైద్యమే.

సర్దడమే అసలు విద్య. లోపల రుద్దే బ్రష్షు లేదు. 1886లో జోసఫీన్ కాక్రేన్ పేటెంట్ తీసుకున్న యంత్రంలోనూ లేదు, నీళ్ళ తాకిడే. ధార తగలని చోటు కడగబడదు. అడుగున, పై బుట్ట కింద తిరిగే రెండు చేతుల (నీళ్ళు చిమ్మే రంధ్రాలున్న కడ్డీల) నుంచి ధార పైకి కొడుతుంది. కాబట్టి ప్రతి గిన్నె నోరూ కిందికి, కాస్త ఏటవాలుగా. బోర్లించిన పెద్ద గిన్నె ఆ కింది చేతిని గొడుగులా కప్పేస్తే దానిపైన పెట్టినవన్నీ మురికిగానే ఉంటాయి. అందుకే పెద్దవి అంచుల్లో, పళ్ళేలు మధ్యలో, వాటి ముఖాలు నడిమికి తిప్పి. ఒకే సైజు స్పూన్లు పక్కపక్కన పడితే ఒకదాంట్లో ఒకటి కూరుకుపోతాయి, కొన్ని తల పైకి, కొన్ని కిందికి కలపండి. కత్తుల మొన కిందికే. ప్లాస్టిక్ పై బుట్టలో. అన్నీ పెట్టాక, స్విచ్ వేసే ముందు రెండు చేతుల్నీ వేలితో ఒక చుట్టు తిప్పండి. గరిటె కాడ అడ్డం తగిలితే అక్కడే తెలుస్తుంది.

ముందువైపు నిలువుగా పెట్టిన పెద్ద పళ్ళెం తలుపుకున్న డిటర్జెంటు గది మూతకు అడ్డం పడకుండా చూసుకోండి. ప్రోగ్రాం అయ్యాక టాబ్లెట్ గదిలోనే ముద్దగా మిగిలి ఉంటే కారణం చాలాసార్లు ఇదే. తడి చేత్తో టాబ్లెట్ పెట్టినా గదికి అంటుకుపోతుంది. టాబ్లెట్‌ను గదిలో కాకుండా అడుగున పడేస్తే తొలి కడుగు నీళ్ళతో సగం కరిగి బయటికి పోతుంది.

యంత్రంలో వేయకూడనివి: మీ నాన్‌స్టిక్ పెనం, అల్యూమినియం కుక్కర్, చెక్క గరిటెలు, ఇనప పెనాలు, రాగి, ఇత్తడి, మంచి కత్తులు, బంగారు అంచు కప్పులు. డిటర్జెంటు క్షారం. అల్యూమినియం మీదుండే రక్షణ పొరను కరిగించి బూడిదరంగు చేస్తుంది. కుక్కర్ మూత వాల్వులో ముక్క ఇరుక్కుంటే అది మురికి సంగతి కాదు, ప్రమాదం. చేత్తోనే కడగాలి.

చేత్తో తోమే ద్రవం ఇందులో పొయ్యొద్దు, ఒక్క చెంచా కూడా. నురగ పంపులోకి వెళ్ళి నీళ్ళు తోసే శక్తి పోతుంది, తలుపు కింద నుంచి గదంతా నురగే. ఎవరైనా పోసేస్తే ప్రోగ్రాం ఆపి, తలుపు తీసి నురగ చల్లారనిచ్చి, గుడ్డతో ఎత్తేసి, చన్నీళ్ళతో తొలి కడుగు ప్రోగ్రాం రెండు మూడుసార్లు నడపాలి.

మళ్ళీ: నీళ్ళబిందె

కొలిచాను. లీటరుకు 7 సెకన్లు. అంటే నిమిషానికి 8.5. పూటకు 128, రోజుకు 256 లీటర్లు. లెక్క చూసి నోట మాట రాలేదు.

రాత్రి ఒక్కసారి వేయడమంటే పొద్దుటి అంట్లు పదీ పన్నెండు గంటలు అందులోనే ఉంటాయి కదా? వాసన, ఎండిపోవడం? ఇంకా నా రెండో, మూడో ప్రశ్నలు అలాగే ఉన్నాయి.

జవాబు 4: గారమచ్చ

రెండో ప్రశ్నకు. గ్లాసు మీద తెలుపు రెండు రకాలు, మందులు కూడా ఎదురెదురు. కాబట్టి ముందు ఏదో తేల్చుకోవాలి. మసకబారిన గ్లాసును వెనిగర్ కలిపిన నీళ్ళలో ఐదు నిమిషాలు ఉంచి కడిగి ఆరబెట్టండి. తెలుపు పోయిందా, అది గార, నీళ్ళలోని కాల్షియం. పోలేదా, గాజే తినబడింది. ఇక దానికి ఏమీ చేయలేం. తినబడిన గాజును వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే చాలాసార్లు ఇంద్రధనుస్సు ఛాయ కనబడుతుంది.

గార వచ్చేది యంత్రంలో పోసే ఉప్పు అయిపోయినప్పుడో, నీటి గట్టిదనం సెట్టింగు తక్కువ పెట్టినప్పుడో. యంత్రం అడుగున చిన్న సాఫ్ట్‌నర్ ఉంటుంది. అందులోని రెజిన్ గుళికలు నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం పట్టుకుని సోడియం వదులుతాయి. నిండిపోయాక ఉప్పునీళ్ళతో వాటిని మళ్ళీ కడుగుతుంది యంత్రం. ఉప్పు నేరుగా అంట్ల మీద పనిచేయదు, ఈ రెజిన్‌కే. ఉప్పు డబ్బాలో పోసేది డిష్‌వాషర్ ఉప్పు, పెద్ద పలుకులది. వంట ఉప్పు వేయకూడదు, ముద్దకట్టకుండా కలిపే పదార్థాలు రెజిన్‌ను మూసేస్తాయి. మొట్టమొదటిసారి మాత్రం డబ్బా నిండా నీళ్ళు పోసి, తర్వాత ఉప్పు. దాదాపు కిలో పైన పడుతుంది. ఆ తర్వాత నీళ్ళు పొయ్యొద్దు. ఉప్పు పోసిన వెంటనే ఒక ప్రోగ్రాం నడపండి, పొర్లిన ఉప్పునీళ్ళు రాత్రంతా స్టీలు మీద నిలిస్తే తుప్పుచుక్కలు పడతాయి.

గాజు తినబడేది దాదాపు దీనికి తిరగేసినప్పుడు: మెత్తని నీళ్ళు, అవసరానికి మించి డిటర్జెంటు, మరీ ఎక్కువ వేడి. మీ నీళ్ళు మెత్తనివైతే టాబ్లెట్ కన్నా పౌడరు మేలు, కొలత తగ్గించుకోవచ్చు. గ్లాసులకు వేరే తక్కువ వేడి ప్రోగ్రాం ఉంటే అది వాడండి.

అందుకని కొన్న రోజే టెస్ట్ స్ట్రిప్‌తో నీళ్ళ గట్టిదనం చూసి, మాన్యువల్‌లోని పట్టిక ప్రకారం సెట్టింగు పెట్టండి. ఫ్యాక్టరీ సెట్టింగు మీ నీళ్ళకు సరిపోతుందని ఏమీ లేదు. పట్టిక జర్మన్ డిగ్రీల్లో, స్ట్రిప్ పీపీఎంలో (పది లక్షల పాళ్ళకు ఎన్ని పాళ్ళు) ఉండొచ్చు. ఒక జర్మన్ డిగ్రీ అంటే 17.8 పీపీఎం.

రిన్స్ ఎయిడ్ (ఆఖరి జాడింపులో కలిసే ద్రవం) వేరే సంగతి. అది ఆఖరి నీళ్ళు బొట్లుగా నిలవకుండా పల్చగా జారిపోయేలా చేస్తుంది. బొట్టు నిలిచి ఆరిన చోటే మచ్చ. నీళ్ళు జారని గిన్నెలు ఎక్కువైతే కొలత ఒక గీత పెంచండి, నీలంగా చారలు పడితే తగ్గించండి. ప్లాస్టిక్ డబ్బాలు ఎంత చేసినా తడిగానే వస్తాయి. స్టీలు, పింగాణి లాగా వేడిని దాచుకోలేవు, ఆ వేడే ఆరబెట్టేది. అయిపోయాక తలుపు ఒక జానెడు తెరిచి వదిలితే ఆవిరి పోతుంది. ఖాళీ చేసేటప్పుడు కింది బుట్ట ముందు. పైది ముందు లాగితే కప్పుల అడుగుల్లో నిలిచిన నీళ్ళు కింది పళ్ళేల మీద ఒలుకుతాయి.

జవాబు 5: సగంఅంగుళం

ప్రెషర్‌కు. పది మీటర్ల ఎత్తుకు ఒక బార్ (ఒత్తిడి కొలత) అని గుర్తుపెట్టుకోండి. కొలవాల్సింది భవనం ఎత్తు కాదు, ట్యాంకులో నీళ్ళ మట్టం నుంచి యంత్రం కుళాయి వరకు. చాలా యంత్రాలు 0.3 నుంచి 10 బార్ వరకు అంటాయి, కొన్ని 0.5 అడుగుతాయి. మాన్యువల్‌లో ‘నీటి ఒత్తిడి’ అన్న గడి చూడండి. 0.3 అంటే మూడు మీటర్లు. ట్యాంకు అడుగంటే వేళ కూడా ఆ మూడు మీటర్లు ఉండాలి. పైగా సన్న గొట్టం, ఎక్కువ వంపులు ఉంటే పారేటప్పుడు ఇంకా తగ్గుతుంది. చాలకపోతే చిన్న ప్రెషర్ పంపు.

నీళ్ళు రావడం లేదని ఎర్రర్ వస్తే మెకానిక్‌ను పిలిచే ముందు కుళాయి కట్టి, ఇన్‌లెట్ పైపు విప్పి, దాని చివర ఉన్న చిన్న జాలీ చూడండి. ఇసుక, తుప్పు పట్టి మూసుకుపోయి ఉంటుంది.

డ్రెయిన్ పైపు గురించి ఎవరూ చెప్పలేదు. అది నేల మీద పడేసి నేరుగా కాలువలోకి పెడితే నీళ్ళు లాగేసుకుని పోతుంటాయి, యంత్రం నింపుకుంటూనే ఉంటుంది. సింకు అడుగుకు తగిలేలా పైకి లేపి, వంపు తిప్పి, అప్పుడు దించాలి. లేకపోతే సింకు మురికినీళ్ళు కూడా వెనక్కి యంత్రంలోకి వస్తాయి. ఎంత ఎత్తు అన్నది మాన్యువల్‌లో బొమ్మ వేసి ఉంటుంది.

జవాబు 6: జాలీబుట్ట

నీళ్ళబిందె గారూ, పొద్దుటి అంట్ల సంగతి. గీకి లోపల పెట్టి, తొలి జాడింపు ప్రోగ్రాం ఒక్కటి నడిపితే చాలు. పది పదిహేను నిమిషాలు, చన్నీళ్ళు, మూడు నాలుగు లీటర్లు, డిటర్జెంటు లేకుండా. తలుపు మూసి ఉంటుంది కాబట్టి తేమ నిలిచి మరీ ఎండిపోవు. గుడ్డు, పాలు అంటుకున్నవాటిని మాత్రం పెట్టేముందే చన్నీళ్ళతో ఒక తిప్పు తిప్పండి, అవే రాత్రికి రాయవుతాయి.

వాసన వస్తే అది సామానుది కాదు, అడుగున ఉన్న ఫిల్టరుది. రెండు వారాలకోసారి, జిడ్డు ఎక్కువైతే వారానికోసారి తీయాలి. కింది బుట్ట బయటికి లాగి, గుండ్రటి గొట్టాన్ని ఎడమకు తిప్పి పైకి ఎత్తండి. కింద చదునైన జాలీ కూడా వస్తుంది. కుళాయి కింద మెత్తని బ్రష్షుతో కడగండి, ఇనప పీచు వద్దు, సన్న జాలీ చిరుగుతుంది. తిరిగి పెట్టేటప్పుడు గొట్టం కుడికి తిరిగి బిగుసుకోవాలి. బిగుసుకోకపోతే ముక్కలు పక్కనుంచి పంపులోకి పోతాయి. గ్లాసుల లోపల ఇసుకలాంటి పొడి కనబడితే మొదట చూడాల్సింది అదే. ఫిల్టరు బాగుండి కూడా పై బుట్ట ఒక్కటే శుభ్రం కాకపోతే పై చేతిని విప్పి, రంధ్రాల్లోకి టూత్‌పిక్ పెట్టి చూడండి, గింజ అడ్డం పడి ఉంటుంది.

మీ లెక్క ఇప్పుడు ఇలా: రాత్రి ఒక ఎకో 10 నుంచి 12, పొద్దుటి జాడింపు 4, కుక్కరూ పెనమూ చేత్తో పూటకు 5 చొప్పున 10. రోజుకు 26 లీటర్ల లోపు. రెండు తొట్ల పద్ధతిలో చేత్తో అయితే 40, పళ్ళేల మీద ఆఖరి ధార కలిపితే 45. ఇప్పుడు మీ కుళాయి పారేది 256. యంత్రం కొన్నా కొనకపోయినా ఈ రోజే తగ్గేవి 210 లీటర్లు. యంత్రం వచ్చాక తగ్గేవి ఇంకో 20. నీళ్ళ కోసమే అయితే ఆ 20కి యంత్రం అక్కర్లేదు. రోజూ తొట్ల ముందు నిలబడే ముప్పావుగంట మీకు పనికొస్తుందనుకుంటే కొనండి. సర్దడానికీ తీయడానికీ కలిపి పావుగంట మాత్రం అప్పుడూ పోతుంది.

జవాబు 7: రెండుతొట్లు

ఒక్కటి కలుపుతాను. కొనాలనుకుంటే దుకాణానికి వెళ్ళేటప్పుడు మీ అన్నిటికన్నా పెద్ద పళ్ళెం, అన్నిటికన్నా లోతైన గిన్నె కొలతలు రాసుకెళ్ళండి. కింది బుట్టలో పళ్ళెం నిలబెట్టి, పై బుట్ట లోపలికి తోసి, పై చేయి తిప్పి చూడండి. పై బుట్ట ఎత్తు మార్చే మీట ఉందా, కింది బుట్టలో పళ్ళేలు నిలబెట్టే ముళ్ళు పడుకోబెట్టడానికి వీలుందా అన్నది అక్కడే చూడాలి. ముళ్ళు పడుకోని బుట్టలో మీ మూడు వంటగిన్నెల్లో రెండు పట్టవు. అవి మళ్ళీ తొట్టికే వస్తాయి.